అద్దె నోరు

ఒట్టు ఉగో బెస్సిది, నోరు ఒరియెత్తాది. పొద్దుటి నుంచీ ఆమెకు మింగుడు పడనిది అదే. మా అమ్మ సమాధి మీద ఒట్టేసి చెబుతున్నాను, ఈ గుడ్డలో లినెన్ పోగు ఒక్కటి దొరికినా నా పేరు మార్చుకుంటాను అని ఆ మిల్లు యజమాని గుండె మీద చెయ్యి వేసుకుని ఇటాలియన్‌లో అన్నాడు. దుబాసి అన్నాక ఆయన "నేను" అంటే తనూ "నేను" అనే అనాలి, ఆయన అలా అంటున్నాడండీ అని పక్కకు తప్పుకునే హక్కు ఈ వృత్తిలో లేదు, కాబట్టి మా అమ్మ సమాధి మీద ఒట్టు అని ఆమె కూడా హీబ్రూలో అంది, తన గొంతుతో, తన నాలుకతో, గుండె మీద చెయ్యి ఒక్కటే తక్కువ. ఎదురుగా కూర్చున్న నఫ్తాలి, ఇజ్రాయెల్‌లోని బ్నేబ్రాక్‌లో మతపాఠశాలల కుర్రాళ్ళకు నల్ల సూట్లు కుట్టించి అమ్మే ముసలాయన, కుర్చీలో ముందుకు జరిగి రెండు చేతులూ అడ్డం పెట్టి, "ఒట్లు వద్దమ్మా, ఒట్టంటే పెద్ద మాట, నోటి మాట చాలు నాకు" అన్నాడు. అంటున్నప్పుడు ఆయన చూసింది ఉగో వంక కాదు, ఆమె వంక. పాపం ఆయన తప్పేముంది, ఎవరైనా తమకు అర్థమయ్యే మాట ఎటు నుంచి వస్తే అటే చూస్తారు.

ఇప్పుడు మిల్లులో భోజనాల వేళ. మగ్గాలు ఆగిపోయాయి, వాటి మోత మాత్రం చెవుల్లో మిగిలింది. జూలై ఎండకు ఇటలీలోని ఈ ప్రాతో ఊరు ఊరంతా రేకుల కప్పుల కింద ఉడుకుతోంది, ఈ శాంపిళ్ళ గదిలో ఏసీ ఉంది గానీ దాని రిమోట్ జేబులో వేసుకుని ఉగో ఎదురు వీధి హోటల్‌కు వెళ్ళిపోయాడు. ఆమెనూ రమ్మన్నాడు, ఆకలి లేదంది, ఆకలి లేక కాదు, ఆ మనిషి ఎదురుగా కూర్చుంటే ముద్ద గొంతు దిగదు. నఫ్తాలి ఇక్కడి వంట ముట్టడు. గది అవతలి మూల కాగితపు పళ్ళెం పరుచుకుని, ఇంటి నుంచి మోసుకొచ్చిన ఉడికించిన గుడ్లూ దోసకాయా సార్డిన్ చేపల డబ్బా పేర్చుకుని, డబ్బా మూత లాగడానికి తంటాలు పడుతున్నాడు. తిన్నాక ప్రార్థన చేసుకుంటాడు, ఆ తర్వాత అందరూ మళ్ళీ ఆ పొడుగాటి బల్ల చుట్టూ చేరతారు, ఇంకో ప్రశ్న, ఇంకో జవాబు, ఆ పైన సంతకాలు. ఆ జవాబు కూడా తన నోటి మీదుగానే పోవాలి. అది పచ్చి అబద్ధమని ఉగో కాక తెలిసింది తనకొక్కదానికే.

ఒక్క లినెన్ పోగుకు ఇంత రాద్ధాంతమా అని ఎవరైనా అడగొచ్చు. నఫ్తాలి పాటించే యూదు మతంలో ఉన్నీ, లినెన్ అనే ఈ అవిసెనారా కలిసిన బట్ట ఒంటి మీద వెయ్యకూడదు, షాత్నెజ్ అంటారు దాన్ని, ఎందుకు కూడదని అడిగితే వాళ్ళ పండితులే చేతులెత్తేస్తారు, దేవుడు వద్దన్నాడు, వద్దు, అంతే. ఒరియెత్తా పుట్టిందీ ఆ మతంలోనే, ఆమెకు ఇవేవీ పట్టవు, పంది మాంసం తింటుంది, శనివారం కారు నడుపుతుంది, ఉన్నీ లినెన్ కలిసిన వేసవి కోటు ఒకటి ఆమె బీరువాలోనే ఉంది, భలే బాగుంటుంది కూడా. కానీ ఈ ఊరు బతికేది పాత గుడ్డల మీద. యూరప్ అంతా విడిచేసిన కోట్లూ స్వెట్టర్లూ మూటలు మూటలుగా ఇక్కడికి వచ్చి పడతాయి, వాటిని ఏరి, చీల్చి, పీచు చేసి, మళ్ళీ వడికి మళ్ళీ నేస్తారు, ఆ మూటల్లో ఏ కోటు కాలరు లోపల ఏ లినెన్ ముక్క కుట్టి ఉందో ఎవడికి తెలుసు. అందుకే యాసిడ్ గది. ఉన్నిని యాసిడ్‌లో ముంచి వేడిలో ఆరబెడితే చెట్టు నుంచి వచ్చిన ప్రతి పీచూ, నూలైనా నారైనా, మాడి బొగ్గుపొడి అయి దులిపితే రాలిపోతుంది, గొర్రె నుంచి వచ్చింది మాత్రం నిలబడుతుంది. పొద్దున నఫ్తాలి అడిగింది ఆ గది గురించే, ప్రతి కిలో యాసిడ్‌లో మునిగి లేచిందేనని ఉగో చెప్పాడు, ఒట్టు వేసింది దాని మీదే. ఆ తర్వాత నఫ్తాలి చేతులు కడుక్కోవడానికి వెళ్ళగానే కాఫీ మెషిన్ దగ్గర చక్కెర కలుపుకుంటూ ఉగో నవ్వాడు. "యాసిడ్ గదా? దానికి తాళం పడి రెండేళ్ళయిందమ్మా. గ్యాసు బిల్లు కట్టలేక చచ్చాం, పర్యావరణం వాళ్ళ గోల వేరే. వీళ్ళ ల్యాబ్‌కు పంపిన ముక్క కొత్త ఉన్నితో నేయించాంలే, భేష్ అన్నారు. నల్లరంగు రెండోసారి పోయిస్తే ఏది నారో ఏది ఉన్నో వాడి దేవుడు కూడా పోల్చుకోలేడు. ఇది మన మధ్య మాట, సరేనా?" మన మధ్య అట. ఈ మనిషికీ తనకూ ఎప్పటి నుంచి "మన" అయిందో ఆమెకు తెలియదు.

దుబాసికి నియమాలు రెండే. బల్ల దగ్గర అన్నది ఒక్క ముక్క పోకుండా చెప్పాలి, బల్ల అవతల విన్నది చచ్చినా చెప్పకూడదు. ముప్ఫయ్యేళ్ళుగా ఆమె ఈ రెండూ కాపాడుకుంటూ వచ్చింది, ఎన్ని గుట్లు ఆమె కడుపులో ఉన్నాయో, ఏ నేతవాడు దివాలా దగ్గర ఉన్నాడో, ఏ కొనుగోలుదారు భార్యకు తెలియకుండా ఎవరితో తిరుగుతున్నాడో, ఏ అన్నదమ్ములు చేతులు కలిపి నవ్వుతూ బల్ల కింద కాళ్ళు తన్నుకుంటున్నారో, ఒక్కటీ బయటికి పొక్కలేదు. అది తెలిసే ఉగో అంత ధీమాగా చెప్పాడు, చెప్పేవాడికి వినేవాడు లోకువ. కాఫీ మెషిన్ దగ్గరి మాట గనక కాఫీ మెషిన్ దగ్గరే చావాలి, బల్ల దగ్గరి అబద్ధం గనక బల్ల దగ్గర బతకాలి, ఆ బతికించే మంత్రసాని తనే.

పైగా ఈ మహారాజులు ఆమెను వెతికి వెతికి పట్టుకున్నారు. ఇటాలియన్ నుంచి హీబ్రూలోకి, ఫ్యాషన్‌లోనూ వస్త్రాల్లోనూ ప్రత్యేక ప్రావీణ్యం గల దుబాసి కావలెను అని దుబాసీల ఏజెన్సీ నడిపే లొరెదానా ఊరూవాడా ప్రకటన పెట్టిందట. మొదట రోమ్ నుంచి పూర్వాశ్రమంలో చర్చి ఫాదర్‌గా ఉన్న ఒక పెద్దమనిషి దొరికాడు, పాత మతగ్రంథాల హీబ్రూ చదువుకున్నవాడు, సరుకు ఆలస్యమైతే ఒప్పుకోం అన్న మాటను ఆయన ప్రవక్త శాపం పెట్టినట్టు పలికేసరికి అవతలి వ్యాపారి హడలిపోయి నీళ్ళు తాగాడు. తర్వాత వెనిస్‌లో చర్చిలు చూపించే గైడు ఒకడు, పడుగు అంటే ఏమిటి పేక అంటే ఏమిటని మిల్లు యజమానినే అడిగాడు. ఆ తర్వాత హైఫాలో పుట్టిన అమ్మాయి, భాష పాలధార, బట్టల గురించి తెలిసింది మాత్రం వేసుకోవడం ఒక్కటే. అప్పుడు గుర్తొచ్చింది ఒరియెత్తా, పోయినేడు ఇదే లొరెదానా, "ఈ రోజుల్లో ఫోన్లే చెప్పేస్తున్నాయి కదండీ, మీలాంటివాళ్ళ అవసరం పెద్దగా పడటం లేదు" అని నసిగి పక్కన పెట్టిన ఒరియెత్తా. ఫ్యాషన్ అట, ఫ్యాషన్! వాళ్ళ దృష్టిలో ఆమె మిలాన్‌లో సన్నటి పిల్లలు నడిచే వేదిక పక్కన కాలు మీద కాలేసుకుని కూర్చుంటుంది. ఆమె బతుకంతా గడిచింది ఉతికితే గుడ్డ ఎంత కుంచించుకుపోతుంది, రాపిడికి ఉండలు కడుతుందా, చెమటకు చంకలో రంగు దిగుతుందా అని ఒక భాషలోంచి ఇంకో భాషలోకి మోయడంలో, చంకల గురించి ఆమె మాట్లాడినంతగా ప్రపంచంలో ఏ డాక్టరూ మాట్లాడి ఉండడు.

ఇవన్నీ ఏ బళ్ళోనూ చెప్పరు. యూరి అనే ఇంజనీరు వెంటపడి, ఇంట్లో అందరూ వద్దంటున్నా ఇజ్రాయెల్‌లోని అష్దోద్ వెళ్ళింది, వెళ్ళాక తెలిసింది ఆ యూరి ఉద్యోగం చెయ్యడం కంటే వదిలెయ్యడంలో దిట్ట అని. ఇల్లు గడవడానికి ప్యాంట్లు కుట్టే ఫ్యాక్టరీలో చేరింది. పక్క మెషిన్ సోలికాది, మొరాకో నుంచి వచ్చిన భారీ మనిషి, కాజా నుంచి కాలరు దాకా ప్రతి దాని పేరూ తిట్లతో కలిపి నేర్పింది. "ఒసేయ్ ఇటలీ పిల్లా, దారం తెగిందని ఏడుస్తావేంటే, దాని తల్లిని నాలుగు తిట్టు, అదే దారికొస్తుంది" అనేది. నిజంగానే వచ్చేది. పన్నెండేళ్ళ తర్వాత మొగుణ్ణి అక్కడే వదిలేసి భాషను మాత్రం వెంట తెచ్చుకుంది, బేరంలో నష్టపోయానని ఆమె ఏనాడూ అనుకోలేదు. ఆ భాషలో ఆమె ఏడ్చింది, కోర్టులో పోట్లాడింది, ఒకసారి బస్సులో అపరిచితుడికి తన గోడంతా చెప్పుకుంది. అద్దె ఇల్లు కాదు అది, సొంత ఇల్లు, ఈ ఉగో చెప్పులతో వచ్చి అందులో ఉమ్మేసి పోయాడు. ఇది గుర్తొచ్చినప్పుడల్లా ఆమె పళ్ళు పటపట కొరుకుతోంది, పక్కనే వేలాడుతున్న శాంపిళ్ళలోంచి ఒక నల్లగుడ్డ ముక్కను పట్టుకుని వేళ్ళ మధ్య నలుపుతోంది, మెత్తగా ఉంది, మంచి గుడ్డ, అదే ఇంకా ఒళ్ళు మండిస్తోంది.

తాత దారియో అయితే ఈపాటికి ఒక పోగు లాగి అగ్గిపుల్ల గీసేవాడు. ఆయనదీ పాత గుడ్డల వ్యాపారమే, ఒకప్పుడు ఈ దేశంలో మనవాళ్ళకు కొత్త బట్ట అమ్మే హక్కు కూడా ఉండేది కాదే అని చెబుతూ వంటింట్లో పోగులు కాల్చేవాడు, జుట్టు కాలిన కంపు వస్తే ఉన్ని, కాగితం కాలిన వాసన వస్తే నార. అమ్మ కిటికీలు తెరుస్తూ, "నా వంటిల్లు గొర్రెల శ్మశానం చేశావు కదయ్యా" అని తిట్టేది. అమ్మ పేరు ఎల్డా. ఫిబ్రవరిలో పోయింది. ఫ్లోరెన్స్‌లో, సైప్రస్ చెట్ల వరస చివర, తడి మట్టిలో పెట్టి వచ్చారు, సమాధి మీద ఇంకా రాయి లేదు, ఏడాది తిరిగేలోగా పెట్టాలి, రాతి మీద ఏం చెక్కించాలో తేల్చుకోలేక ఒరియెత్తా వాయిదా వేస్తోంది, ముప్ఫయ్యేళ్ళు ఇతరుల మాటలకు మాటలు వెతికి పెట్టిన మనిషికి కన్నతల్లికి నాలుగు మాటలు దొరకడం లేదు. రాయి కూడా పడని ఆ మట్టి మీద ఈ పొద్దున ఒట్టు పడింది. మరి ఉగో తల్లి ఎక్కడుంది? వియారెజ్జోలో సముద్రం ఒడ్డున గొడుగు కింద కూర్చుని పేకాడుతోంది! బేరం మొదలయ్యే ముందు ఈయన ఫోనులో అరుస్తుంటే ఒరియెత్తా చెవులారా విన్నది, "ఆటలో ఓడిపోయినప్పుడల్లా నాకెందుకు చేస్తావే అమ్మా, నేనొచ్చి నీ ముక్కలు కలపాలా?" అని. ఉగోకు ఒట్టంటే నోటి తుంపర, సమాధి అంటే మాట వరస, ఇలాంటివి రోజుకు పది వేస్తాడు, నాలుకకు నరం లేదు కదా. కానీ ఒట్టు అన్నాక ఎక్కడో ఒకచోట సమాధి ఉండాలి, ఆయనకు లేదు, కాబట్టి ఆ గదిలో ఎవరికి ఉందో వెతుక్కుని వెళ్ళి అక్కడ పడింది. అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకు, అప్పుడే లేచి కాఫీ కప్పు ఆయన మొహాన కొట్టి ఉంటే ఇప్పుడింత బాధ ఉండేది కాదు.

కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని తనకు తానే చెప్పుకుంది. దేవుడు నఫ్తాలివాడు, అబద్ధం ఉగోది, మధ్యలో నీకేమిటే. అప్పుడే తలుపు తోసుకుని నీవెస్ వచ్చింది, ఈ మిల్లులో నేసిన గుడ్డకు రఫ్ఫు చేసే మనిషి, కళ్ళద్దాలు జుట్టులోకి తోసుకుని, కోసిన పీచ్ పళ్ళు గిన్నెలో పట్టుకుని. "తినమ్మా, ఎండకు మొహం ఎలా పీక్కుపోయిందో చూడు. ముసలాయన కొనేలా ఉన్నాడా?" అని నఫ్తాలి వినకుండా గుసగుసగా అడిగింది, ఆయనకు భాష రాదని మరిచిపోయి. "వడికేవాళ్ళకు మా యజమాని అప్పుడే సెలవులని చెప్పి ఇళ్ళకు పంపేశాడు. ఈ ఆర్డరు రాకపోతే మా బల్లలు కూడా ఎత్తేస్తాడట. నువ్వు నాలుగు మంచి మాటలు చెప్పు, నీ చేతిలో పనేగా." చేతిలో పని! ఒరియెత్తా పీచ్ ముక్క నోట్లో వేసుకుంది గానీ రుచి తెలియలేదు. నీవెస్ మీద కూడా కోపం వచ్చింది, అన్యాయపు కోపం, యాసిడ్ గదికి తాళం వేసింది నీవెస్ కాదు, గ్యాసు బిల్లు మిగిలిన ఏడాది ఉగో కొత్త కారు కొన్నప్పుడు ఆమె తలొంచుకుని కుట్లే చూస్తూ కూర్చుంది. అంతే కదా ఎప్పుడూ, తప్పు చేసినవాడు ముందుకు రాడు, ముందు నీవెస్‌లను నిలబెడతాడు, వీళ్ళ పొట్ట కొడతావా అని అడిగిస్తాడు. గిన్నె అక్కడే పెట్టి నీవెస్ వెళ్ళిపోయింది, వెళుతూ ఆమె భుజం నిమిరింది.

ఫోను మోగింది, లొరెదానా. "ఎలా నడుస్తోందండీ? బెస్సి గారు మిమ్మల్ని తెగ పొగిడారు, అసలు దుబాసి ఉన్నట్టే తెలియడం లేదన్నారు. ఈ రోజు సంతకాలైపోతే సెప్టెంబర్‌లో మిలాన్ ప్రదర్శన మొత్తం మీకే, వేరే ఎవర్నీ వెతకను, నా మాట." ఉన్నట్టే తెలియడం లేదట, అదీ పొగడ్త. ఒరియెత్తా సరేనంది, పెట్టేసింది. లేచి వెళ్ళిపోవచ్చు. తల తిరుగుతోందని చెప్పి, బ్యాగు తీసుకుని, స్టేషన్ దాకా నడిచి, ఫ్లోరెన్స్ రైలెక్కవచ్చు. అప్పుడు ఉగో ఫోను తీసి బల్ల మీద పెడతాడు, ఫోను చెబుతుంది వాడి అబద్ధం, ఫోనుకు తల్లి లేదు, సమాధి లేదు, హాయి. కానీ పొద్దుటి మాట వెనక్కి రాదు. ఆ నల్లకోటు వేసుకుని ఎవరో కుర్రాడు పెళ్ళి చేసుకుంటాడు, పుస్తకం ముందు ఊగుతూ చదువుకుంటాడు, వాడికి ఏమీ కాదు, కోటు కాలదు, పిడుగు పడదు, తనకు తెలుసు. వాడికేమీ కాకపోవడం కాదు సంగతి. నఫ్తాలి తనను నమ్మాడు, ఆయన దేవుణ్ణి తను నమ్మకపోయినా తనను నమ్మాడు, మోసపోయేది ఆ ముసలాయన, మోసం చేసింది తన గొంతు.

"అమ్మా, ఒక్క మాట" అన్నాడు నఫ్తాలి. చేతులు తుడుచుకుంటూ ఎప్పుడు దగ్గరకు వచ్చాడో, గడ్డంలో గుడ్డు పచ్చసొన పొడి ఇంకా ఉంది. "బెస్సి గారి తల్లి పేరేమిటి?" ఎందుకండీ అంది. "పొద్దున ఆవిణ్ణి మాటలోకి లాగారు కదా. మనవాళ్ళు కాదని తెలుసు. మా నాన్నకో అలవాటు ఉండేది, పోయినవాళ్ళ పేరు ఎవరైనా బేరంలోకి తెస్తే, ప్రార్థనలో వాళ్ళకొక మంచి మాట చెప్పి పంపేవాడు. నిద్రపోయేవాళ్ళను ఊరికే లేపి వదిలెయ్యకూడదురా అనేవాడు. నాకూ అదే అబ్బింది." ఆవిడ బతికే ఉందని చెప్పాలి. చెబితే ఒట్టు దొంగదని చెప్పినట్టే, అది ఫోనులో విన్న మాట, బల్ల అవతలి మాట. చెప్పకపోతే బతికున్న ముసలమ్మకు ఈయన పోయినవాళ్ళ ప్రార్థన చేస్తాడు. ఒరియెత్తా నోరు తెరిచింది, ఏం వస్తుందో ఆమెకే తెలియలేదు. "ఎల్డా" అంది. ఎల్డా, ఎల్డా అని ఆయన రెండుసార్లు నోట్లో తిప్పుకుని తలాడించి, గుడ్డల స్టాండు పక్కన గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

ఆమె చూడకూడదనుకుంది, వినకూడదనుకుంది. నల్లవి బూడిదవి నీలివి గుడ్డల వరసలు, వాటి ముందు ఆ వంగిన వీపు ముందుకీ వెనక్కీ ఊగుతోంది, పెదవులు మాత్రమే కదులుతున్నాయి, అక్కడక్కడ ఒక మాట గాలిలోకి తప్పించుకుంటోంది. అందులో అమ్మ పేరు వచ్చింది. ఫిబ్రవరి నుంచి ఆ పేరు పలికింది బ్యాంకువాళ్ళూ కరెంటువాళ్ళూ మాత్రమే, దివంగత ఎల్డా గారి ఖాతా, దివంగత ఎల్డా గారి మీటరు. ఎవరో తెలియని ఒక ముసలాయన, తన అబద్ధం నమ్మి, చెమట కంపు కొట్టే మిల్లులో నిలబడి అమ్మకు మంచి మాట చెప్పి పంపుతున్నాడు. ఆమె కళ్ళు మండాయి. ఏడుపని ఎవరైనా అనుకోవచ్చు గానీ అది కోపమే, ఆమెకు చిన్నప్పటి నుంచీ రెండూ ఒకే గుమ్మంలోంచి వస్తాయి. ఉగో మీద కోపం, మిలాన్ ఆశ చూపిన లొరెదానా మీద కోపం, పేరు అడిగిన ఈయన మీద కోపం, అడగ్గానే చెప్పిన తన మీద అందరికంటే ఎక్కువ. ఇంక ఆ ఒట్టు ఉగోది కాదు. అమ్మ పేరు పెట్టి మరీ దాన్ని తన సొంతం చేసుకుంది. ఇంకోసారి ఆ బల్ల దగ్గర ఆ అబద్ధానికి "నేను" అనలేనని ఆమెకు తెలిసిపోయింది, కానీ ఏమనాలో తెలియలేదు, చెప్పడానికి వీల్లేదు, చెప్పకుండా ఉండటానికీ వీల్లేదు.

మగ్గాలు ఒక్కొక్కటే మొదలయ్యాయి. ఉగో పళ్ళు కుట్టుకుంటూ వచ్చాడు, వెల్లుల్లి వాసన ఆయన కంటే ముందే వచ్చింది, ఏసీ వేసి, నఫ్తాలి భుజం తట్టి, కుర్చీ లాక్కుని, కలం ముసలాయన వైపు దొర్లించాడు. నఫ్తాలి కలం మూత తీశాడు గానీ రాయలేదు. "ల్యాబ్ చూసేది జానెడు గుడ్డ" అన్నాడు. "మిగతా గుడ్డంతా నేను మనిషి మాట మీదే కొంటాను. పొద్దున ఒట్టు దాకా పోయారు, నాకు సిగ్గేసింది, మిమ్మల్ని అనుమానించానని అనుకున్నారేమోనని. అనుమానం కాదు. ఆ యాసిడ్ గది ఒక్కసారి కళ్ళతో చూస్తాను, చూసి సంతకం పెడతాను." ఒరియెత్తా ఇటాలియన్‌లోకి చెప్పింది, అన్నది అన్నట్టే, సిగ్గేసిందన్న మాట కూడా వదలకుండా.

ఉగో చిరునవ్వు చెక్కు చెదరలేదు. ఈ ఊరి యజమానులందరికీ ఉన్న అలవాటే ఆయనకూ ఉంది, పరాయి దేశం మనిషి కళ్ళలోకి ఆప్యాయంగా చూస్తూ, తల పంకిస్తూ, ఏ మాటైనా అనేస్తారు, బల్ల మీది నీళ్ళసీసా ముందు ఎవరూ సిగ్గుపడనట్టే దుబాసి ముందూ సిగ్గుపడరు. అలాగే, కొన్నేళ్ళ స్నేహితుడితో మాట్లాడుతున్నట్టు నఫ్తాలి వంకే చూస్తూ, "ఈ ముసలాడికి ఇప్పుడేం చూపించమంటావు? అది మూతపడి రెండేళ్ళయింది. మరమ్మతని చెప్పు, తాళాలవాడు ఊళ్ళో లేడని చెప్పు, నీకు తోచింది అల్లెయ్, ఎలాగోలా సంతకం పెట్టించు, చాలు" అన్నాడు.

కాఫీ మెషిన్ దగ్గర కాదు. బల్ల దగ్గర. అందరి ముందూ, గొంతెత్తి, స్పష్టంగా. ఒరియెత్తాకు ఒక్క క్షణం నమ్మబుద్ధి కాలేదు, ఆ తర్వాత ఒంట్లోని మంటంతా నాలుక మీదికి వచ్చి చల్లగా, నీటుగా కూర్చుంది. వీపు నిటారుగా పెట్టింది. హీబ్రూలో చెప్పింది, తడబడకుండా, తొందర లేకుండా, నేను అంటూనే. ఈ ముసలాడికి ఇప్పుడేం చూపించమంటావు, అది మూతపడి రెండేళ్ళయింది, మరమ్మతని చెప్పు, తాళాలవాడు ఊళ్ళో లేడని చెప్పు, నీకు తోచింది అల్లెయ్, ఎలాగోలా సంతకం పెట్టించు, చాలు. ముసలాడు అన్న మాటకు హీబ్రూలో కాస్త మర్యాదైన మాట ఉంది, ఆమె దాన్ని వాడలేదు.

నఫ్తాలి కళ్ళు ఆమె మీదే కాసేపు ఆగాయి. తర్వాత కలానికి మూత పెట్టాడు. అది చూసి ఉగో నవ్వు సగంలో ఆగింది. "ఏం చెప్పావ్? ఎందుకలా చూస్తున్నాడు?" అన్నాడు. ఏం చెప్పావ్, ఎందుకలా చూస్తున్నాడు, అని ఆమె హీబ్రూలో అంది. "నేను నిన్నడుగుతున్నానే, వాణ్ణి కాదు!" అన్నాడు, అదీ అంది. ఉగో లేచాడు, కుర్చీ వెనక్కి పడింది, మొహం కందగడ్డయింది. "నీకు పిచ్చి పట్టిందా? నిన్ను పిలిచింది నేను, తిండి పెట్టేది నేను, ఇంకెక్కడా నీకు పని దొరక్కుండా చేస్తాను, తెలుసా? నోర్ముయ్! ముందు నోర్ముయ్!" రఫ్ఫు గది తలుపు దగ్గర నీవెస్ నిలబడి చూస్తోంది, ఒరియెత్తా ఆ వైపు చూడలేకపోయింది, చూస్తే గొంతు ఆగిపోతుంది. పిచ్చి పట్టిందా అన్నది మొదలు పని దొరక్కుండా చెయ్యడం దాకా అన్నీ వరసగా చెప్పుకొచ్చింది, నోర్ముయ్ అన్నది రెండుసార్లు అన్నాడు గనక రెండుసార్లే చెప్పింది, ఆయన గొంతు ఎంత లేచిందో అంతా లేపి.

నఫ్తాలి బ్యాగు ఒళ్ళోకి తీసుకున్నాడు. పొద్దుటి నుంచి మొదటిసారి ఆయన చూపు ఆమెను వదిలి నేరుగా ఉగో మీదికి తిరిగింది. కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు, తెలియనిది అడిగినట్టే అడిగాడు, హీబ్రూలో, చిన్న మాట. ఒరియెత్తా ఉగో వైపు తిరిగి దాన్ని ఇటాలియన్‌లో పెట్టింది. "ఆవిడ నోరు మూస్తే, మీరేమన్నారో నాకెలా తెలుస్తుంది?"